విదేశీ వార్తను మా జిల్లా పేజీతో కలిపి చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

నేను కావలి నుంచి రాస్తున్నాను. జూనియర్ కాలేజీలో సివిక్స్ చెప్పి రిటైరయ్యాను. గ్రూప్స్‌కు చదివే పిల్లకాయలు సాయంత్రం పూట ఇంటికొస్తే ఇప్పటికీ పాఠం చెబుతుంటాను. వాళ్ళు మీ పోటీ పరీక్షల పేజీని కత్తిరించి నోటు పుస్తకాల్లో అంటించుకుంటారు. ఈమధ్య ఆ పేజీలో ప్రపంచ రాజకీయాల మూల భావనలంటూ అధికారం, సార్వభౌమత్వం, న్యాయసమ్మతి, పరస్పరాధారత, మానవ హక్కులు, ఇంకా కొన్నిటికి తలా రెండు వాక్యాల నిర్వచనాలు వేశారు. వాటిలో తప్పేమీ లేదు. పిల్లకాయలు రెండు రోజుల్లో అప్పజెప్పేశారు కూడా.

నాకున్న బాధ వేరే. అదే సంచికలో జిల్లా పేజీలో రొయ్యల ధర పడిపోయిందని ఉంది. వ్యాపారం పేజీలో ఎగుమతిదారుల ఇక్కట్లు ఉన్నాయి. విదేశీ పేజీలో చమురు మీద ఆంక్షల మాట ఉంది. ఇవన్నీ ఒకే సంగతికి నాలుగు వైపులని పత్రికలో ఏ మూలా ఒక్క వాక్యం లేదు. వాటిని కలిపి చూపించే సాధనాలు ఆ భావనలే. వాటినేమో పరీక్ష రాసేవాళ్ళ కోసమని విడిగా పెట్టేశారు. అవి రొయ్యల రైతుకు కావాలి, పొగాకు ఆకు ఆరబెట్టే బ్యారన్ కాల్చేవాడికి కావాలి, బిడ్డను గల్ఫ్ పంపిన తల్లికి కావాలి. మా ప్రాంతంలో ప్రపంచ రాజకీయాల దెబ్బ తగలని ఇల్లు అరుదు. ఆ దెబ్బ ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పేవాళ్ళు అంతకంటే అరుదు. ఈ ఉత్తరం అందుకే రాస్తున్నాను. కాస్త పొడుగైనా దయచేసి కత్తిరించకుండా వేయండి.

2025 ఆగస్టు సంగతే తీసుకోండి. ఆ నెల 7 నుంచి మన సరుకు మీద అమెరికా 25 శాతం సుంకం వేసింది. 27 నుంచి ఇంకో 25 శాతం కలిపింది. రెండోసారి వేసినదానికి వాళ్ళు చెప్పిన కారణం మనం రష్యా దగ్గర ముడిచమురు కొంటున్నామని. రొయ్యల మీద, మరీ చౌకగా దించుతున్నారంటూ వేసే యాంటీ డంపింగ్ సుంకం 2005 నుంచే ఉంది, ఆ తర్వాత ప్రభుత్వ రాయితీలకు విరుగుడుగా వేసే కౌంటర్‌వెయిలింగ్ సుంకం కూడా చేరింది. ఇవన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

మా అన్న కొడుకు విడవలూరు దగ్గర కొంత సొంతం, కొంత లీజు మీద రొయ్యల గుంటలు చేస్తాడు. వనామీ రకం రొయ్య వేస్తాడు. ఆ రోజుల్లో ఒకసారి ఇంటికొచ్చి అడిగాడు: "అత్తా, చమురు కొన్నది కంపెనీలు. యుద్ధం చేసేది రష్యావాళ్ళు. సుంకం కట్టాల్సింది అమెరికాలో సరుకు దించుకునేవాళ్ళు. మరి రేటు నా గుంట గట్టు మీద ఎందుకు తగ్గింది?" ఎంత మంచి ప్రశ్న! అంతర్జాతీయ రాజకీయాల మీద పెద్ద పెద్ద పుస్తకాలు రాసినవాళ్ళు మొదలుపెట్టింది ఇలాంటి ప్రశ్న దగ్గరే.

జవాబు గట్టు మీదే ఉంది. సుంకం కట్టాల్సిన దిగుమతిదారుడు, ఆ మేరకు ధర తగ్గించమని ఇక్కడి ఎగుమతిదారుణ్ణి అడుగుతాడు. ఎగుమతిదారుడి ప్రాసెసింగ్ ప్లాంటుకు కోల్డ్ స్టోరేజీ ఉంది, కొన్నాళ్ళు కొనకుండా ఉండగలడు. అతను కౌంటు రేటు తగ్గిస్తాడు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంటు, కౌంటు తగ్గేకొద్దీ రొయ్య పెద్దది). గుంటలో ఉన్న సరుకును రైతు ఎన్నాళ్ళు ఆపగలడు? వంద కౌంటు దగ్గర పట్టకుండా ముప్పై కౌంటు దాకా పెంచుదామంటే రోజూ మేత వేయాలి, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు తిరగాలి, కరెంటు బిల్లు కట్టాలి. ఈలోగా తెల్లమచ్చ రోగం తగిలితే మొత్తం పోతుంది. కాబట్టి వచ్చిన రేటుకు పట్టి ఇచ్చేస్తాడు. ఆ వరుసలో ఎవరు ఎక్కువ కాలం ఆగగలరో వాళ్ళ చేతిలో అధికారం ఉంది. ఆగలేనివాడి మీద భారం దిగింది. వాషింగ్టన్‌లో తీసుకున్న నిర్ణయం విడవలూరు దాకా నడిచొచ్చిన దారి ఇది.

రాబర్ట్ కోహేన్, జోసెఫ్ నై అనే ఇద్దరు అమెరికా ఆచార్యులు 1970ల్లో ఈ పరస్పరాధారతను, అంటే ఒకరి మీద ఒకరు ఆధారపడటాన్ని, రెండుగా విడదీసి చెప్పారు. అవతలివాళ్ళు ఏదైనా చేస్తే మనకు వెంటనే ఎంత దెబ్బ తగులుతుందన్నది ఒకటి. మనం దారి మార్చుకోవడానికి ప్రయత్నించిన తర్వాత కూడా ఎంత దెబ్బ మిగిలిపోతుందన్నది రెండోది. అమెరికాలో రొయ్యలు తినేవాళ్ళకూ ధర పెరిగింది. అయితే వాళ్ళకు ఈక్వడార్ ఉంది, ఇండొనేషియా ఉంది, వియత్నాం ఉంది. ఈక్వడార్ వాళ్ళకు దగ్గర, దాని మీద వేసిన సుంకం 15 శాతమే. మన వైపు చూస్తే పెద్ద సైజు రొయ్యకు అమెరికానే ముఖ్యమైన గిరాకీ. మరో దేశానికి పంపాలంటే అక్కడి పరీక్షలు, ఆంటీబయాటిక్ నిబంధనలు, కొత్త కొనుగోలుదార్లు, అన్నీ మొదటి నుంచి చూసుకోవాలి. కాబట్టి ఇద్దరూ ఒకరి మీద ఒకరు ఆధారపడ్డారన్నది నిజమే గానీ, సమానంగా ఆధారపడలేదు. ఈ తేడా తెలిసిన రైతు వచ్చే పంటకు సీడ్ (రొయ్య పిల్లలు) ఎంత వేయాలో, ఒకే కంపెనీ చేతిలో సరుకంతా పెట్టవచ్చో లేదో ఇంకో తీరుగా ఆలోచిస్తాడు. రైతు సంఘం కూడా పరిహారం అడిగి ఊరుకోకుండా, కొత్త మార్కెట్ల పరీక్షా కేంద్రాలు ఇక్కడే పెట్టమని అడుగుతుంది. సుంకాలు పెరుగుతాయి, తగ్గుతాయి. గుంటల లెక్క అలాగే ఉంటుంది.

ఇక్కడ మీ విదేశీ పేజీ ఒక్క పోలిక చూపించి ఉంటే ఎంత బాగుండేది! రష్యా ముడిచమురు అందరికంటే ఎక్కువ కొన్నది చైనా. చమురు కారణంగా వేసిన ఆ రెండో పాతిక శాతం చైనా మీద పడలేదు. అదే ఏడాది ఏప్రిల్‌లో అమెరికా చైనా సరుకు మీద సుంకాన్ని 145 శాతం దాకా తీసుకెళ్ళి, మే నెలలో 30 శాతానికి దించింది. ఆ మధ్యలో చైనా అరుదైన మూలకాల ఎగుమతి మీద అదుపు పెట్టింది. మోటార్లకు, ఆయుధాలకు, ఎలక్ట్రానిక్ సామాన్లకు అవి లేకపోతే పని జరగదు, వాటిని శుద్ధి చేసే పని చాలావరకు చైనా చేతిలో ఉంది. అధికారమంటే సైన్యం లెక్క, జనాభా లెక్క అని బట్టీ పట్టిన పిల్లకాయలకు ఈ ఒక్క ఉదాహరణ చెబితే చాలు. ఎదుటివాడికి మన దగ్గర ఏది తప్పనిసరి, మనకు వాడి దగ్గర ఏది తప్పనిసరి అన్న లెక్కలోనే అధికారం ఉంటుంది. దాన్ని ఒక దేశం జేబులో ఉన్న వస్తువులా చూడకూడదు. ఒకే దేశం ఒకరి ముందు బలంగానూ, మరొకరి ముందు తగ్గి కూడా ఉంటుంది.

ఇప్పుడు కువైట్ సంగతి. ఇది రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

ఉదయగిరి, వింజమూరు, కలిగిరి, ఆత్మకూరు వైపు నుంచి గల్ఫ్ పోయినవాళ్ళ గురించి మీ పత్రికలో రెండు రకాల వార్తలే వస్తాయి. ఏజెంటు మోసం ఒకటి, శవం రావడం రెండోది. మా వెనక వీధిలో ఉండే ఒకామె అక్కడ ఇంటి పనికి పోయి వచ్చింది. పాస్‌పోర్టు ఇంటి యజమాని దగ్గర ఉంది. సెలవు లేదు, ఫోను వాళ్ళు ఇచ్చినప్పుడే. ఒకరోజు నాతో అంది: "మేడమ్, మన దేశం అంత పెద్దది గదా, మన ఎంబసీ వాళ్ళు అదే ఊళ్ళో ఉన్నారు గదా, ఆ ఇంటి గోడ దాటి లోపలికి ఎందుకు రాలేకపోయారు?"

ఆ గోడ దాటనివ్వనిది సార్వభౌమత్వమే. ఒక దేశపు హద్దుల్లో చట్టం ఆ దేశానిదే, పోలీసులు ఆ దేశంవాళ్ళే. మరో దేశపు రాయబారి తలుపు తట్టి పిల్లను తీసుకొచ్చే వీల్లేదు. 1648 వెస్ట్‌ఫేలియా ఒప్పందాలనాటి నుంచి ఈ సూత్రం ఎదిగిందని పాఠాల్లో చెబుతాం. 1945 ఐక్యరాజ్యసమితి చార్టరులో రెండో అధికరణం దీన్ని రాతలో పెట్టింది. సభ్య దేశాలన్నీ సార్వభౌమత్వంలో సమానం, ఒకరి మీద ఒకరు బలం ప్రయోగించకూడదు, దేశాల ఆంతరంగిక వ్యవహారాల్లో సమితి తలదూర్చకూడదు. (ఆ చార్టరు మీద మన దేశం సంతకం చేసేనాటికి మనకు స్వాతంత్ర్యమే రాలేదు. ఈ మాట చెబితే నా విద్యార్థులు నమ్మరు.)

ఈ సూత్రమే 1990లో కువైట్‌ను కాపాడింది. ఆ ఏడాది ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించింది. అదే రోజు ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి ఖండించింది. నవంబరు 29న 678వ తీర్మానంతో, ఇరాక్ వైదొలగకపోతే బలప్రయోగానికి అనుమతి ఇచ్చింది. చిన్న దేశమైనా దాని హద్దు హద్దే అని ప్రపంచం ఒప్పుకోబట్టి కువైట్ మళ్ళీ నిలబడింది. అప్పుడు మనవాళ్ళు లక్షా డెబ్బై వేల మందికి పైగా ఎడారి దాటి జోర్డాన్‌లోని అమ్మాన్ చేరి విమానాలెక్కి ఇంటికొచ్చారు. కువైట్‌ను కాపాడిన హద్దూ, మా వెనక వీధి ఆమెకు తలుపు మూసిన హద్దూ ఒకటే. సార్వభౌమత్వం మంచిదా చెడ్డదా అని వ్యాసం రాయమంటారు పరీక్షల్లో. అది ఎవరిని కాపాడుతోంది, ఎవరిని లోపల పెట్టి తాళం వేస్తోంది అని అడగడం నేర్పితే పిల్లకాయలు వార్త చదివే తీరే మారిపోతుంది.

న్యాయసమ్మతి అన్నదాన్ని కూడా ఇదే ప్రాంతం చూపించి చెప్పవచ్చు. ఈ అధికారం, ఈ చర్య సబబైనదేనని నలుగురూ ఒప్పుకోవడమే న్యాయసమ్మతి. 1991లో అమెరికా నాయకత్వంలో ఇరాక్ మీద జరిగిన యుద్ధానికి భద్రతా మండలి అనుమతి ఉంది, అరబ్బు దేశాలే కొన్ని అందులో కలిసి నడిచాయి. 2003లో అదే అమెరికా, అదే ఇరాక్ మీదకు ఆ అనుమతి లేకుండానే వెళ్ళింది. ఆ యుద్ధం చార్టరుకు అనుగుణంగా లేదని అప్పటి ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ 2004లో బహిరంగంగా అన్నారు. సైనిక బలం రెండుసార్లూ ఉంది. రెండోసారి ఒప్పుదల లేదు, ఆ లోటును ఆ దేశం ఏళ్ళ తరబడి మోసింది.

అయితే ఒప్పుదల ఇచ్చే ఆ మండలికే ఎంత న్యాయసమ్మతి ఉందన్న ప్రశ్న వస్తుంది. 193 సభ్య దేశాలున్న సంస్థలో అయిదింటికి మాత్రమే వీటో ఉంది, 1945లో గెలిచినవాళ్ళకు. తాత్కాలిక స్థానాలు 1965లో ఆరు నుంచి పదికి పెరిగాయి, శాశ్వత స్థానాలు మాత్రం కదల్లేదు. మన దేశం ఇప్పటికి ఎనిమిదిసార్లు తాత్కాలిక సభ్యత్వానికి ఎన్నికైంది. శాశ్వత సభ్యత్వం మన గౌరవానికి సంబంధించిన విషయమని టీవీల్లో మాట్లాడతారు. ఆఫ్రికా నుంచి, లాటిన్ అమెరికా నుంచి కూడా శాశ్వత స్థానంలో ఒక్కరూ లేరన్న సంగతి కలిపి చెబితే మన వాదనకే ఇంకా బలం వస్తుంది.

మళ్ళీ ఆ వెనక వీధి ఆమె దగ్గరికి వస్తాను. రాయబారి గోడ దాటలేడు నిజమే. అలాగని దారులన్నీ మూసుకుపోలేదు. కువైటే 2015లో ఇంటి పనివాళ్ళ కోసం 68వ నంబరు చట్టం చేసింది. వారానికి ఒక సెలవు, రోజుకు పన్నెండు గంటలకు మించని పని, ఏడాదికి జీతంతో సెలవులు అందులో ఉన్నాయి. పనిచేసేవాళ్ళు ఒప్పుకోకుండా యజమాని వాళ్ళ పాస్‌పోర్టు పట్టుకోకూడదని ఉంది. వీసా కోసం ఏజెంటు చుట్టూ తిరిగే ఆడవాళ్ళలో ఎంతమందికి ఈ చట్టం తెలుసు? దాని తెలుగు సారాంశం మీ జిల్లా పేజీలో ఒక్కసారైనా రాలేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఇంటి పనివాళ్ళ కోసం 189వ ఒడంబడిక తెచ్చింది. మన దేశం దాన్ని ఇంకా ధ్రువీకరించలేదు. మనం ఇంట్లో పనిమనిషికి ఇవ్వని హక్కును అవతలి దేశంలో మన ఆడబిడ్డకు ఇవ్వమని అడిగేటప్పుడు మన గొంతు ఎంత గట్టిగా పలుకుతుంది? నాకు ఇది నిజంగా మనసును తొలిచే ప్రశ్న. 1948 డిసెంబరు 10న విశ్వ మానవ హక్కుల ప్రకటన వెలువడింది. దాని మొదటి అధికరణంలో "పురుషులందరూ" అన్న అర్థం వచ్చేలా ఉన్న మాటను "మానవులందరూ" అని మార్పించింది మన ప్రతినిధి హంసా మెహతా. అంతటి పని చేసిన దేశం మనది.

నియమాలు కాగితం మీదే ఉంటాయి, బలవంతుడిదే రాజ్యం అని మా ఊరి టీకొట్టు దగ్గర తేల్చేస్తుంటారు. వాళ్ళకు నేను సముద్రపు తాబేళ్ళ కేసు చెబుతాను. మన తీరానికి ఏటా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి కదా. రొయ్యల వలల్లో పడి అవి చనిపోతున్నాయి, తాబేలు తప్పించుకునే పరికరం వలకు పెట్టని దేశాల రొయ్యలు కొనం అని 1990ల్లో అమెరికా నిషేధం పెట్టింది. మనమూ, థాయ్‌లాండ్, మలేషియా, పాకిస్తాన్ కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళ్ళాం. 1998 అక్టోబరులో అప్పీలు మండలి తీర్పు చెప్పింది. తాబేళ్ళను కాపాడాలన్న ఉద్దేశం సరైనదే, కానీ అమెరికా దాన్ని అమలు చేసిన తీరులో దేశానికో న్యాయం చూపించింది, అది చెల్లదు అని. అమెరికా తన నియమాలను మార్చుకోవాల్సి వచ్చింది. అక్కడ మనం గెలిచామని పొంగిపోవడం కంటే, తీర్పులో రెండో సగం కూడా చదవాలి. తాబేలు మీద ప్రేమ ఉన్నవాళ్ళకూ అందులో న్యాయం దొరికింది. నిజమైన నియమం అలాగే ఉంటుంది.

ఆ అప్పీలు మండలి ఇప్పుడు పనిచేయడం లేదు. కొత్త సభ్యుల నియామకాన్ని అమెరికా అడ్డుకుంటూ రావడంతో 2019 డిసెంబరు నాటికి కేసు వినడానికి కావలసినంతమంది సభ్యులే (కోరం) లేకుండా పోయారు. 2025 ఆగస్టులో మా రైతుల తరఫున మన దేశం వెళ్ళి తలుపు తట్టినా తుది తీర్పు చెప్పే చోటు ఎందుకు లేదో దీన్ని చూస్తే అర్థమవుతుంది. 2019లో ఆ వార్త మీ పత్రికలో వచ్చిందా? వచ్చి ఉంటే ఎక్కడో చిన్నగా వచ్చి ఉంటుంది. రొయ్యల పేజీలో రావాల్సిన వార్త అది.

పొగాకు సంగతి క్లుప్తంగా. ఒంగోలు, టంగుటూరు, కొండపి, కనిగిరి వేలం కేంద్రాల్లో ఎవరూ పాడక బేలు నో బిడ్ అయినప్పుడు రైతు పొగాకు బోర్డును తిడతాడు, కంపెనీలను తిడతాడు. బ్రెజిల్‌లో, జింబాబ్వేలో పంట ఎలా ఉందన్నది కూడా ఆ వేలంలో కూర్చునే ఉంటుంది. ఇంకా ఒక ఒప్పందం ఉంది. 2005 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు నియంత్రణ ఒడంబడిక. మన దేశం సంతకం చేసి, ధ్రువీకరించింది. పొగాకు వాడకం తగ్గించాలని అందులో ఉన్నట్టే, పండించేవాళ్ళకు బతుకుదెరువుకు వేరే దారి చూపించాలని 17వ అధికరణంలో ఉంది. మొదటి సగం అందరికీ తెలుసు. రెండో సగాన్ని పట్టుకుని అడిగే రైతు నాయకుణ్ణి నేనింకా చూడలేదు.

ఒంగోలు గిత్త గురించి చెప్పకుండా ఈ ఉత్తరం ఆపలేను. బ్రెజిల్‌లో మాంసం కోసం పెంచే పశువుల్లో సింహభాగం మన ఒంగోలు జాతి సంతతి. ఆ జాతికి అక్కడ పేరే నెలోర్, మా నెల్లూరు పేరే. పంతొమ్మిదో శతాబ్దం నుంచి ఓడల్లో పోయాయి, 1960ల మొదట్లో కూడా ఒంగోలు పక్కన కరవది నుంచి పోయిన గిత్త అక్కడ ఒక వంశానికే మూలమైంది. అప్పట్లో విత్తనం, పశువు, మొక్క, వీటి జన్యు సంపద మానవాళి అందరి సొత్తుగా చూసేవాళ్ళు. 1992 రియో జీవవైవిధ్య ఒడంబడిక వచ్చాక ఆ సంపద మీద ఆయా దేశాలకు సార్వభౌమ హక్కు ఉందని రాశారు. లాభంలో వాటా పంచాలన్న నగోయా ప్రోటోకాల్ 2014లో అమల్లోకి వచ్చింది. అంతకుముందు పోయినవాటికి అది వర్తించదు. ఒకటే గిత్త, తేదీని బట్టి ఒకప్పుడు అందరిదీ, మరొకప్పుడు ఒక దేశానిదీ అయింది. ఒంగోలులో చదివే కుర్రాడికి సార్వభౌమత్వం కాలాన్ని బట్టి మారుతుందని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు దొరకలేదు.

శ్రీహరికోట కూడా మొన్న మొన్నటిదాకా మా జిల్లాలోనే ఉంది. 1991లో రష్యా సంస్థతో, బరువైన ఉపగ్రహాలను పంపే రాకెట్లకు కావలసిన క్రయోజెనిక్ ఇంజిన్ల ఒప్పందం కుదిరితే, 1992లో అమెరికా ఇస్రో మీదా, ఆ సంస్థ మీదా ఆంక్షలు పెట్టింది. 1993లో రష్యా ఇంజిన్లు ఇస్తాం, పరిజ్ఞానం ఇవ్వం అంది. మన సొంత క్రయోజెనిక్ ఇంజిన్‌తో జీఎస్ఎల్‌వీ రాకెట్ విజయవంతంగా లేచింది 2014 జనవరి 5న. కాగితం మీద స్వతంత్ర దేశమై ఉండటానికీ, పని చేసుకోగలిగేంత స్వతంత్రంగా ఉండటానికీ మధ్య ఇరవై ఏళ్ళ కష్టం ఉంది.

ఇదంతా చదివి, అధికారం పెద్ద దేశాలకే, పెద్ద సంస్థలకే అని మీ పాఠకులు అనుకుంటారేమో. మా జిల్లాలోని దూబగుంట ఊరు ఏ మండలంలో ఉందో మీకు చెప్పక్కర్లేదు. 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రిబడికి వచ్చిన ఆడవాళ్ళు సారా అంగడి ముందు నిలబడ్డారు. సారా అమ్మకం చట్టబద్ధం, వేలంపాటలు సర్కారువి, ఖజానాకు ఆదాయం దాని నుంచే. పోలీసులు, కాంట్రాక్టర్లు అటువైపు. ముందు నిలబడిన దూబగుంట రోసమ్మకు గానీ, ఆమె వెంట నడిచినవాళ్ళకు గానీ ఏ పదవీ లేదు. అయినా జిల్లాలో సారా వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. చట్టం ఒక పక్కన ఉన్నా, న్యాయసమ్మతి ఆ అంగడిని వదిలిపెట్టి పోయింది. ప్రపంచ రాజకీయాల్లో ప్రభుత్వాలు కానివాళ్ళ పాత్ర అనే అధ్యాయం చెప్పేటప్పుడు నేను ఎప్పుడూ ఇక్కడే మొదలుపెడతాను.

దానికి జోడుగా వనువాతు చెబుతాను. పసిఫిక్‌లో చిన్న దీవుల దేశం అది. 2019లో ఆ ప్రాంతపు న్యాయ విద్యార్థులు కొందరు, వాతావరణ మార్పు మీద దేశాల బాధ్యత ఏమిటో అంతర్జాతీయ న్యాయస్థానాన్ని అడగాలని మొదలుపెట్టారు. వనువాతు ప్రభుత్వం దాన్ని చేతికి తీసుకుంది. 2023 మార్చిలో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఆ ప్రశ్నను కోర్టుకు పంపింది. 2025 జూలై 23న హేగ్‌లోని ఆ కోర్టు ఏకగ్రీవంగా అభిప్రాయం చెప్పింది: వాతావరణాన్ని కాపాడటం దేశాలకు చట్టపరమైన బాధ్యతేనని. అది సలహా మాత్రమే, బలవంతంగా అమలు చేయించేది కాదు. కానీ ఇకపై ప్రపంచంలో ఏ కోర్టులో ఈ వాదన వచ్చినా దాన్ని చదవకుండా పోలేరు. తుపాను వచ్చిన ప్రతిసారీ సముద్రం ముందుకొచ్చే ఊళ్ళు మా తీరంలోనూ ఉన్నాయి. ఆ విద్యార్థులు నా దగ్గరికొచ్చే పిల్లకాయల వయసువాళ్ళే.

అందుకని మిమ్మల్ని అడిగేది ఇది. వారానికి ఒకసారి జిల్లా పేజీలో పావు పేజీ ఇవ్వండి. రొయ్యల కౌంటు ధరల పట్టిక, పొగాకు వేలం ధరలు వేసే చోటుకు దగ్గరగా వేయండి. ఆ వారం ఇక్కడి ఒక వార్త తీసుకుని, దాని వెనకనున్న విదేశీ నిర్ణయం ఏది, అది ఎవరు తీసుకున్నారు, వాళ్ళకు ఆ హక్కు ఎక్కడిది, మనం ఎవరి మీద ఎంత ఆధారపడి ఉన్నాం, ఎక్కడ అడగవచ్చు అన్నది మామూలు తెలుగులో రాయించండి. మన దేశం దెబ్బకు దెబ్బ తీసింది, తలవంచింది అనే శీర్షికలు తగ్గించండి. వాటితో రైతుకు ఒక్క పైసా తెలివి రాదు, పక్కదేశం మీద కోపం ఒక్కటే పెరుగుతుంది. పోటీ పరీక్షల పేజీలో నిర్వచనాలు వేసినప్పుడు ఒక్కోదాని కింద మన జిల్లా ఉదాహరణ ఒకటి జోడించండి. రాసేవాళ్ళు దొరకరని మాత్రం అనొద్దు. కావలిలో, ఒంగోలులో, నెల్లూరులో రాజనీతి శాస్త్రం చదివి ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న యువకులు ఉన్నారు. గుంటల గురించి, బ్యారన్ల గురించి వాళ్ళకు ఇంట్లోనే తెలుసు.

మొదటి వారానికి ప్రశ్న మా పిల్లకాయలే రాశారు, ఈ ఉత్తరంతో జత చేస్తున్నాను. ఇంటి పనివాళ్ళ హక్కుల 189వ ఒడంబడికను మన దేశం ఇంకా ఎందుకు ధ్రువీకరించలేదో, దీని మీద మా పార్లమెంటు సభ్యుల అభిప్రాయం ఏమిటో మీ ఢిల్లీ విలేకరి చేత అడిగించి, వచ్చిన జవాబును జిల్లా పేజీలోనే వేయండి. కువైట్ 2015 చట్టంలోని ముఖ్యమైన అంశాలను దాని పక్కనే ఇస్తే, వీసా కోసం వెళ్ళేవాళ్ళు కత్తిరించి దాచుకుంటారు.

ఇట్లు,
సివిక్స్ మాజీ అధ్యాపకురాలు,
కావలి, నెల్లూరు జిల్లా